సిమాండే కొత్త ఆల్బాన్ని పాత పాటల కొలతతోనే కొలవాలా?

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. అమెరికా నల్లజాతి సంగీత రీతులైన ఫంక్, సోల్ వాయించే లండన్ బృందం సిమాండే 2025 జనవరి చివరిలో విడుదల చేసిన 'రెనసెన్స్' ఆల్బంపై మీ పత్రిక సంగీత పేజీలో వచ్చిన సమీక్షను శ్రద్ధగా చదివాను. సమీక్షకులు ఆల్బాన్ని మెచ్చుకున్నారు. మెచ్చుకోవడంతో నాకు పేచీ లేదు, మెప్పుకు వారు చూపిన కారణంతోనే ఉంది. యాభై ఏళ్ల కిందటి వాద్యం ఇప్పటికీ చెక్కుచెదరలేదన్నది వారి తీర్పు సారాంశం. ఈ ఆల్బంపై నేను చదివిన ఇతర సమీక్షల్లోనూ, ముఖ్యంగా బ్రిటన్‌లో వచ్చినవాటిలో, దాదాపు ఇదే మాట మళ్లీ మళ్లీ కనిపించింది. ఆదరంతో అన్న మాటే అయినా, అది ఆ సంగీతకారులు ఇప్పుడు చేసిన పనిని పక్కనబెట్టి ఎప్పుడో చేసిన పనికి మరోసారి దండ వేస్తోందని నా అభిప్రాయం. పేరున్న ఫంక్ బృందాలు చాలాకాలం తర్వాత ఆల్బంతో తిరిగివచ్చిన ప్రతిసారీ ఇదే జరుగుతోంది కనుక కాస్త వివరంగా రాస్తున్నాను.

సిమాండే చరిత్ర తెలియని పాఠకుల కోసం నాలుగు మాటలు. గయానా, జమైకా, సెయింట్ విన్సెంట్ వంటి కరీబియన్ ప్రాంతాల నుంచి వచ్చి లండన్‌లో పెరిగిన యువకులు 1971లో ఈ బృందాన్ని కట్టారు. గిటార్ వాయించే పాట్రిక్ ప్యాటర్సన్, మంద్ర స్వరాలు పలికే బేస్ గిటార్ వాయించే స్టీవ్ సిపియో దీనికి మూలస్తంభాలు. వారి సాధన విన్న నిర్మాత జాన్ ష్రోడర్ రికార్డింగుకు పూనుకోవడంతో 1972, 1973, 1974లలో వరసగా మూడు ఆల్బంలు వచ్చాయి. 'ది మెసేజ్' పాట 1973లో అమెరికా విజయగీతాల జాబితాల్లోకి ఎక్కింది, సోల్ గాయకుడు అల్ గ్రీన్‌తో కలిసి అక్కడ పర్యటన జరిగింది, న్యూయార్క్ హార్లెమ్‌లోని అపోలో థియేటర్ వేదికా దక్కింది. ఇంత పేరు తెచ్చుకుని బ్రిటన్‌కు తిరిగివస్తే అక్కడ ఏ తలుపూ తెరుచుకోలేదు. నల్లజాతి యువకులు సొంతంగా రాసి వాయించే సంగీతాన్ని ఎక్కడ పెట్టాలో, ఎవరికి అమ్మాలో నాటి బ్రిటిష్ రికార్డు కంపెనీలకూ రేడియోకూ తెలియలేదు, తెలుసుకోవాలన్న కోరికా అంతగా కనిపించలేదు. 1970ల మధ్యకు వచ్చేసరికి బృందం ఆగిపోయింది. ప్యాటర్సన్, సిపియో ఇద్దరూ న్యాయశాస్త్రం చదివి న్యాయవాదులయ్యారు. దశాబ్దాల తర్వాత మళ్లీ కలిసి 2015లో 'ఎ సింపుల్ యాక్ట్ ఆఫ్ ఫెయిత్' అనే ఆల్బం చేశారు. దాన్ని పట్టించుకున్నవారు తక్కువ. 'రెనసెన్స్'కు మాత్రం పెద్ద కంపెనీ అండ, పత్రికల దృష్టి రెండూ లభించాయి.

ఈ చరిత్ర చెబుతున్నది ఒకటే. వీరి ప్రతిభ ఎండిపోయి మళ్లీ చిగురించలేదు, మధ్యలో వినిపించే అవకాశమే కరవైంది. అలాంటప్పుడు ఏమీ మారకపోవడాన్ని గొప్పగా చెప్పడం ఎంతవరకు సబబు? ఇరవై రెండేళ్ల వయసులో వలస కుటుంబపు కుర్రవాడిగా లండన్ వీధుల్లో తిరుగుతూ పాట రాసిన మనిషి, న్యాయవాద వృత్తి చేసి, ఊళ్లు మారి, డెబ్భై దాటాక రాసిన పాట మొదటిదానిలాగే ఉందంటే, ఒక జీవితకాలం ఆయన మీద ఏ ముద్రా వేయలేదని అర్థం. ఏ రచయిత గురించైనా మనం అలా రాస్తామా? రాస్తే అది నింద అవుతుంది. సంగీతకారుల విషయంలో, అందులోనూ ఫంక్ వాయించేవారి విషయంలో, అదే మాట ఎలా ప్రశంసగా చెల్లుబాటవుతోందో నాకు అంతుపట్టదు.

దీనికి ఒక కారణం, ఫంక్‌ను ఒక ధ్వనిగా గుర్తుపెట్టుకుని వాద్యంగా మరిచిపోవడమేనని నాకనిపిస్తుంది. ఈ సంగీతంలో రాగం కన్నా, మాట కన్నా, వాయించేవారు ఒకరికొకరు ఇచ్చుకునే చోటు ముఖ్యం. 1960ల రెండో సగంలో అమెరికన్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ బృందం నేర్పిన పద్ధతి ప్రకారం ఆవర్తంలో మొదటి దెబ్బ మీద, అంటే మన లెక్కలో సమం మీద, అందరూ కలిసి బరువు వేస్తారు. తక్కిన కాలమంతా ఎవరి గీతలో వారు ఉంటూ ఎదుటివారి ఖాళీల్లో పలుకుతారు. డ్రమ్మర్ ఎడమచేతి చిన్న దెబ్బలు, గిటార్ తీగను సగం నొక్కి చేసే గీరుడు, బేస్ ఒక స్వరాన్ని ఎంతసేపు మోగనిచ్చి ఎక్కడ చేత్తో అణిచివేశాడన్నది, ఇవే ఇక్కడి కథాంశం.

సిమాండే తొలి ఆల్బంలోని 'బ్రా' పాటనే తీసుకోండి. సగం దాటాక గొంతులు, సాక్సోఫోన్లు తప్పుకుంటాయి. బేస్, డ్రమ్స్, చేతి తాళవాద్యాలే మిగులుతాయి. సిపియో ఒకే చిన్న వాక్యాన్ని తిప్పి తిప్పి వాయిస్తుంటారు. ఆ వాక్యం చివర ఆయన విడిచిపెట్టే చిన్న మౌనంలోకి, చేత్తో వాయించే డోలు కాంగా మోత వచ్చి కూర్చుంటుంది. డ్రమ్స్ వాయించిన శామ్ కెల్లీ అక్కడ తన నేర్పు చూపించుకోవడానికి ఏ ప్రయత్నమూ చేయరు. కాలాన్ని సమంగా పరిచి మిగిలినవారిని దాని మీద నడవనిస్తారు. విన్న కొద్దీ బేస్ వాక్యం మారుతున్నట్లు అనిపిస్తుంది. నిజానికి మారుతున్నది దాని చుట్టూ ఉన్న మోత. న్యూయార్క్ బ్రాంక్స్‌లో హిప్‌హాప్‌కు పురుడు పోసిన డీజేలు ఒకే రికార్డు ప్రతులు రెండు పెట్టుకుని ఇలాంటి భాగాలనే తిరిగి తిరిగి వినిపించి జనాన్ని ఆడించారు. పాటలో జనానికి ప్రాణంగా తోచింది ఆ ఖాళీ భాగమేనని వారు పత్రికల కన్నా ముందే కనిపెట్టారు.

కొత్త ఆల్బంపై సమీక్ష రాసేవారు అడగవలసిన ప్రశ్నలు ఇక్కడి నుంచే పుట్టాలి. సిపియో ఇప్పుడు ఆ మౌనాన్ని ఎంత విడిచిపెడుతున్నారు? కొత్తగా చేరిన వాద్యకారులు పాతవారి గీతల మధ్య ఎక్కడ నిలబడ్డారు? డెబ్భైల్లో ఉన్న చేయి స్వరాలను తగ్గించుకుందా, తగ్గించుకుంటే అది అలసటా, పొదుపా? ఈ ప్రశ్నలకు వచ్చే జవాబులు పొగడ్తగా ఉండనక్కరలేదు. కానీ మీ సమీక్షలో బేస్ గిటార్ ప్రస్తావన ఒక్కసారే, అదీ ఒక విశేషణంతో, వచ్చి వెళ్లిపోయింది.

దానికి బదులు సగం సమీక్ష పాత పాటలను ఎవరెవరు వాడుకున్నారన్న వివరాలకు పోయింది. 1989లో హిప్‌హాప్ బృందం డి లా సోల్ 'బ్రా' నుంచి ముక్క తీసుకోవడం, 1996లో మరో హిప్‌హాప్ బృందం ఫ్యూజీస్ తమ 'ది స్కోర్' ఆల్బంలో సిమాండే 'డవ్'ను వాడుకోవడం ముఖ్యమైన సంగతులే. పది నిమిషాలకు పైగా సాగే 'డవ్' లాంటి వాద్యగీతం కొత్త తరానికి చేరింది ఆ దారినే. అయినా ఈ జాబితా ప్రతి సమీక్షలోనూ ఒక ధ్రువపత్రంలా మొదటి పేరాలోనే ఎందుకు దిగుతోంది? ఫలానా హిప్‌హాప్ బృందం వాడుకుంది కాబట్టి వీరు గొప్పవారన్న తర్కం వెనక, వారి సంగీతం తనంతట తాను సరిపోలేదన్న అనుమానం దాగి ఉంది. ఇంటికి వెళ్లి గదులన్నీ చూడకుండా గుమ్మం మీది రాతి ఫలకం చదివి తిరిగివచ్చినట్లుంది ఈ పద్ధతి. ఆల్బంలోని పది పాటల్లో ఏ మూడింటి గురించైనా నాలుగేసి వాక్యాలు రాయడానికి ఆ జాగా సరిపోయేది.

మరో విషయం కూడా ఇందులో కలిసింది. 2000 తర్వాత అమెరికాలో, బ్రిటన్‌లో పాత సోల్ ధ్వనిని తిరిగి కట్టే ప్రయత్నం పెద్ద ఎత్తున సాగింది. బ్రూక్లిన్‌లోని డాప్టోన్ సంస్థ పాతకాలపు టేపు మీద, పాతకాలపు పద్ధతిలో రికార్డు చేసి షారన్ జోన్స్, చార్లెస్ బ్రాడ్లీ వంటి గాయకులకు ఆలస్యంగానైనా న్యాయం చేసింది. ఆ సంస్థకు చెందిన డాప్ కింగ్స్ వాద్యకారులే 2006లో బ్రిటిష్ గాయని ఎమీ వైన్‌హౌస్ 'బ్యాక్ టు బ్లాక్' ఆల్బంలో వాయించారు. వారంటే నాకెంతో గౌరవం. అయితే ఆ విజయంతో విమర్శకుల చెవికి ఒక అలవాటు పడింది. డ్రమ్స్ పొడిగా, బేస్ గుండ్రంగా, సాక్సోఫోన్లు కాస్త గరుకుగా వినిపిస్తే అసలైన సోల్ అని, శుభ్రంగా, విశాలంగా వినిపిస్తే కల్తీ అని తేల్చేస్తున్నారు. దీని ఫలితం విచిత్రంగా ఉంది. పాత బృందాల ధ్వనిని యువకులు అనుకరించారు. ఇప్పుడు ఆ అనుకరణకు ఎంత దగ్గరగా ఉన్నారన్న లెక్కతో పాత బృందాలనే కొలుస్తున్నారు. 1972లో ప్యాటర్సన్, సిపియో వాడింది ఆ నాటి పరికరాలనే. పాతగా వినిపించాలని వారు ఎన్నడూ అనుకోలేదు. కొత్త ధ్వని కోసం వెతకడమే వారి స్వభావం. అందుకే ఫంక్, రెగె, జాజ్, కరీబియన్ తాళాలు కలిపి దానికి తమదైన పేరు పెట్టుకున్నారు.

ఇదంతా వృద్ధ కళాకారుల పట్ల మెత్తగా ఉండమని అడగడానికి రాస్తున్నది కాదు. 2011లో అమెరికన్ ఫంక్ కళాకారుడు స్లై స్టోన్ 'ఐయామ్ బ్యాక్!' అన్న పేరుతో ఆల్బం తెచ్చినప్పుడు అందులో ఎక్కువ భాగం తన పాత విజయగీతాలనే అతిథులతో మళ్లీ చేయించినవి. కొత్త పాటలు వేళ్ల మీద లెక్కపెట్టదగినవి. విమర్శకులు దాన్ని తీవ్రంగా తప్పుబట్టారు, అది న్యాయమే. 2025 జూన్‌లో కన్నుమూసిన ఆ మహా కళాకారుడి మీద గౌరవం ఉన్నవారే ఆ ఆల్బం విని ఎక్కువ బాధపడి ఉంటారు. అక్కడ విమర్శకులు చేసింది సరైన పని. ఎదుట ఉన్న రికార్డును విన్నారు, అందులో కొత్త పని లేదని చెప్పారు.

ఫంకడెలిక్ విషయంలో మాత్రం నాకు అంత తృప్తి లేదు. జార్జ్ క్లింటన్ నాయకత్వంలోని ఆ బృందం 1981 తర్వాత, ముప్పై మూడేళ్లకు, 2014లో ముప్పై మూడు పాటలతో మూడు డిస్కుల ఆల్బం తెచ్చింది. నిడివి ఎక్కువైందన్న మాట సమీక్షల్లో విరివిగా వచ్చింది. ఎక్కువే, కాదనను. పదిహేను పాటలు తీసేసినా నష్టం లేదని నేనూ అంటాను. కానీ మిగిలిన పద్దెనిమిది పాటల్లో కంప్యూటర్‌తో మార్చిన గొంతులను, యువ ర్యాపర్లను, కుటుంబ సభ్యులను కలుపుకుని డెబ్భై మూడేళ్ల మనిషి ఏం కట్టాడో వివరంగా చెప్పిన సమీక్షలు ఎన్ని? అలాగే ఎర్త్, విండ్ అండ్ ఫైర్ 2013లో 'నౌ, దెన్ అండ్ ఫరెవర్' విడుదల చేసినప్పుడు, 1970ల నాటి తమ ధ్వనికి తిరిగివచ్చారన్నదే నేను చూసిన సమీక్షల్లో ప్రధానమైన ప్రశంస. బృందాన్ని స్థాపించిన మారిస్ వైట్ పార్కిన్సన్స్ వ్యాధి వల్ల అప్పటికే చాలా ఏళ్లుగా పర్యటనలకు దూరమయ్యారు. ఆయన పక్కనుంటే ఒకలా పాడే ఫిలిప్ బెయిలీ ఆయన లేనప్పుడు బృందాన్ని ఎలా నడిపించారు, మారిస్ తమ్ముడు వెర్డీన్ వైట్ బేస్ వాద్యం ఆ లోటును ఎలా మోసింది అన్నవి నాకు ఆ ఆల్బంలో అన్నిటికన్నా ఆసక్తి కలిగించిన విషయాలు.

ఇక 'రెనసెన్స్' గురించి నా అభిప్రాయం కూడా చెప్పాలి. మూసను తప్పుబడుతూ నా తీర్పు దాచుకోవడం బాగుండదు. 'చేజింగ్ యాన్ ఎంప్టీ డ్రీమ్' పాటలో కనిపించే సామాజిక ఆవేదన వారి తొలి ఆల్బంలలోనూ ఉంది, కాకపోతే అప్పటి పాటల్లో మంచిరోజులు వస్తాయన్న పిలుపు ముందుండేది, ఇప్పుడు ఇంతకాలం ఎదురుచూసినవారి నిష్ఠురం ముందుకొచ్చింది. ఈ తేడాను ఒక్క సమీక్షైనా విడమర్చి చెబుతుందేమోనని చూశాను. గాయని సెలెస్ట్ పాడిన 'ఓన్లీ వన్ వే'లో ఆమె బృందాన్ని మించిపోవాలని చూడదు, బృందమూ ఆమెకు నేపథ్యంగా కుంచించుకుపోదు. ఆల్బంలో నాకు బాగా నచ్చిన పాట అదే. జాజీ బి మాట కలిపిన 'హౌ వి రోల్' లండన్ నల్లజాతి సంగీతంలో రెండు తరాలను ఒకచోట నిలబెట్టింది. ఆయన సోల్ టు సోల్ బృందం 1980ల చివరిలో తెరిపించిన తలుపులు సిమాండే వచ్చినప్పుడు మూసి ఉన్నవే. లోపాలూ ఉన్నాయి. కొన్ని నిదానపు పాటల్లో తీగవాద్యాల పూత మందమై, కింద జరుగుతున్న కాంగా సంభాషణను కప్పేసింది. తొలి ఆల్బంలలో ఉన్న ప్రమాదపు అంచు, అంటే పాట ఎటు తిరుగుతుందో వాయించేవారికే తెలియదేమో అనిపించే ఆ తత్తరపాటు, ఇక్కడ తక్కువ. దాన్ని వయసు ఖాతాలో వేయను. రికార్డింగులో అన్నీ సర్ది అందంగా పెట్టాలన్న ఇప్పటి అలవాటే కారణమని నా అనుమానం.

ఈ తేడాలు సమీక్షకుల చెవికి చేరకపోవడానికి మరీ సామాన్యమైన కారణం కూడా ఉండవచ్చు. ఆల్బం విడుదలకు ముందు కొద్ది రోజుల గడువులో, తరచూ ల్యాప్‌టాప్ స్పీకర్ల మీదనే వినవలసిన పరిస్థితి నేడు ఉంది. నాలుగు తీగల బేస్ గిటార్‌లో అతి మందమైన తీగ స్వరం సుమారు 41 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. ల్యాప్‌టాప్‌లోని చిన్న స్పీకర్లు అంత లోతుకు దిగలేవు, ఆ స్వరపు పై ఛాయలు మాత్రమే వినిపిస్తే మిగిలినదాన్ని చెవి ఊహించుకుంటుంది. పాట బాణీ, గాయకుడి మాట, సాక్సోఫోన్ల మెరుపు బాగానే అందుతాయి. కథ నడిచే అంతస్తు మాత్రం అందదు. ఫంక్ ఆల్బంను అలా విని రాసిన సమీక్షలో ధ్వని పాతదా కొత్తదా అన్న చర్చ మిగిలి, వాద్యం గురించిన చర్చ కనబడకపోవడంలో ఆశ్చర్యం లేదు. సమీక్షకులను తప్పుబట్టడానికి ఇది రాయడం లేదు. వారికి తగిన సమయమూ, మంచి స్పీకర్లున్న ఒక గదీ ఇవ్వవలసినది పత్రికలే.

చివరగా మీకు ఒక విన్నపం. మీ సమీక్షలో బృందం పేరు ఉంది, ఇద్దరు స్థాపకుల పేర్లు ఉన్నాయి, అతిథుల పేర్లు ఉన్నాయి, పాత పాటలు వాడుకున్నవారి పేర్లన్నీ ఉన్నాయి. ఆల్బంలో డ్రమ్స్ వాయించినవారి పేరు గానీ, కాంగాలు వాయించినవారి పేరు గానీ, సాక్సోఫోన్ వాయించినవారి పేరు గానీ లేదు. రికార్డు అట్ట వెనక ఆ పేర్లు చదివి తెలుసుకునే కాలం దాటిపోయింది. ఫోనులో పాట వినేవారికి తెర మీద బృందం పేరు కనిపిస్తుంది, అంతే. ఈ నిర్లక్ష్యం ఈ సంగీతానికి కొత్త కాదు. 1969లో జేమ్స్ బ్రౌన్ కోసం 'ఫంకీ డ్రమ్మర్'లో క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ వాయించిన కొద్ది సెకన్ల దరువు ఆ తర్వాత వందల పాటల్లోకి వెళ్లింది. పాట హక్కుల్లో ఆయన పేరు లేనందున ఆ వాడకం నుంచి రావలసిన రాయల్టీ ఆయనకు అందలేదు. 2017లో ఆయన మరణించేనాటికి ఆయన చేతి దరువు తెలిసినవారు కోట్లలో ఉన్నారు, ఆయన పేరు తెలిసినవారు ఆ లెక్కలో ఏ పాటి? హక్కుల చట్టాన్ని పత్రికలు మార్చలేవు. సమీక్ష చివర ఎవరు ఏం వాయించారో రెండు పంక్తుల్లో అచ్చువేయడం మాత్రం మీ చేతిలో ఉంది. 'రెనసెన్స్' సమీక్షకు ఆ రెండు పంక్తులను వచ్చే సంచికలో సవరణగానైనా చేర్చవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
మీ పత్రిక పాఠకుడు